ట్రనవా ఊరి జట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో హన్మకొండ పాఠకుడొకరికి జవాబిస్తూ, స్లొవేకియా దేశంలోని ట్రనవా అనే పట్టణపు ఫుట్‌బాల్ జట్టు 1969లో యూరోపియన్ కప్ (ఆయా దేశాల విజేత క్లబ్బులు పోటీపడే, నేటి చాంపియన్స్ లీగ్‌కు పూర్వరూపమైన పోటీ) సెమీఫైనల్ దాకా వెళ్ళిందని రెండు వాక్యాలు రాసి ఊరుకున్నాం. అది చాలలేదని వరంగల్, కాజీపేట, మందమర్రి, జగిత్యాల, కరీంనగర్‌ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ జట్టుకే కేటాయిస్తున్నాం.

మా అబ్బాయి ట్రనవాలో కార్ల కర్మాగారంలో పనిచేస్తున్నాడు. ఆట ఉన్న రోజు ఊళ్ళో ఎటు చూసినా ఎరుపు, నలుపు కండువాలేనని ఫొటోలు పంపుతుంటాడు. మన జగిత్యాలంత కూడా లేని ఊరికి అంత పేరున్న జట్టు ఎట్లా వచ్చింది?
— ఒక తండ్రి, హన్మకొండ

ట్రనవా జనాభా అరవై వేల పైచిలుకు. రాజధాని బ్రాటిస్లావా అక్కడికి సుమారు యాభై కిలోమీటర్లు, అంటే వరంగల్‌కు హైదరాబాద్ ఉన్న దూరంలో మూడో వంతు. జనం తక్కువే కానీ చరిత్రలో అది చిన్న ఊరు కాదు. 1238లోనే రాజశాసనంతో స్వతంత్ర నగర హోదా పొందింది. పదహారో శతాబ్దంలో తురుష్క సేనలు హంగేరీ మైదానాలను ఆక్రమించుకున్నప్పుడు ఎస్టర్‌గోమ్ ఆర్చిబిషప్ తన పీఠాన్ని ఇక్కడికే తరలించుకున్నాడు. 1635లో ఇక్కడ విశ్వవిద్యాలయం వెలసింది, 1777లో అది బుడా నగరానికి తరలిపోయింది. ఊరి చుట్టూ కట్టిన ఇటుక కోటగోడ చాలా భాగం నేటికీ నిలిచి ఉంది, ఫుట్‌బాల్ స్టేడియం ఆ గోడను ఆనుకునే ఉంటుంది. ఖిలా వరంగల్ ప్రాకారాల పక్కన పెరిగిన మన పాఠకులకు ఆ దృశ్యం ఊహకు అందనిది కాదు.

క్లబ్బు 1923 మే 30న పుట్టింది. ఊళ్ళో అప్పటికే విడివిడిగా నడుస్తున్న రెండు క్రీడా సంఘాలు ఆ రోజు ఒక్కటయ్యాయి. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళలో పేరు పలుమార్లు మారింది. కొంతకాలం రాపిడ్ ట్రనవాగా, కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక కోవోస్మాల్ట్ ట్రనవాగా నడిచిన ఆ జట్టుకు 1953లో స్పార్టక్ ట్రనవా అన్న పేరు స్థిరపడింది. స్లొవేకియా అప్పట్లో చెకోస్లొవేకియాలో భాగం. ఆ దేశ రాజధాని ప్రాగ్‌లోని స్పార్టా, డుక్లా, బ్రాటిస్లావాలోని స్లోవాన్ వంటి పెద్ద క్లబ్బుల నీడలో అది చాలాకాలం సాధారణ జట్టుగానే ఉండిపోయింది. 1967లో చెకోస్లొవాక్ కప్పునూ, మధ్య యూరప్ దేశాల క్లబ్బులు పోటీపడే మిట్రోపా కప్పునూ గెలిచినప్పుడు గాని ప్రాగ్ వాళ్ళు తల తిప్పి చూడలేదు. మరుసటి ఏడాది నుంచి చూడక తప్పలేదు: 1968, 1969, 1971, 1972, 1973 సంవత్సరాల్లో, అంటే ఆరు సీజన్లలో ఐదుసార్లు, దేశ లీగ్ టైటిల్ ఈ ఊరికే వచ్చింది.

నేను సింగరేణిలో పనిచేసి రిటైరైనవాణ్ని. మా కంపెనీ ఆటల పోటీల్లో గనుల వారీగా జట్లు కట్టి ఆడేవాళ్ళం. కమ్యూనిస్టు దేశంలో ఆటగాళ్ళకు జీతమెవరు ఇచ్చేవారు? వాళ్ళూ మాలాగ డ్యూటీ దిగి ఆడేవారా?
— ఒక రిటైర్డ్ కార్మికుడు, మందమర్రి

అయ్యా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. 1948 తరువాత చెకోస్లొవేకియాలో క్లబ్బులన్నిటినీ ఏదో ఒక పరిశ్రమకో, ప్రభుత్వ శాఖకో అప్పగించారు. కోవోస్మాల్ట్ అన్నది ట్రనవాలోని లోహ పరిశ్రమ పేరు, స్పార్టక్ అన్నది యంత్ర నిర్మాణ కార్మికుల క్రీడా సంఘం పేరు. అందుకే ఆ రోజుల్లో దేశంలో స్పార్టక్‌లు చాలా ఉండేవి. ప్రసిద్ధమైన స్పార్టా ప్రాగ్ సైతం కొన్నాళ్ళు ఆ పేరు మోసింది. వృత్తి ఆటగాడు అన్న మాటకు కాగితం మీద చోటు లేదు. ఆటగాడి పేరు కర్మాగారం హాజరు పట్టీలో ఉండేది, జీతం అక్కడి నుంచే వచ్చేది, పేరున్న ఆటగాడు మాత్రం ఎక్కువ గంటలు మైదానంలోనే గడిపేవాడు. డ్యూటీ దిగి వచ్చి మోకాళ్ళు గీరుకుపోయేలా ఆడిన మీ జట్లతో పోలిస్తే వాళ్ళది సుఖమైన ఉద్యోగమనే చెప్పాలి.

ఆ ఏర్పాటు ట్రనవాకు ఒక విధంగా మేలు చేసింది, మరొక విధంగా కీడు చేసింది. ఒక క్లబ్బు డబ్బు కుమ్మరించి మరొక క్లబ్బు ఆటగాణ్ణి బాహాటంగా కొనడం కుదరదు కనుక, చుట్టుపక్కల దొరికిన కుర్రవాళ్ళను పెంచుకుంటే వాళ్ళు చాలా ఏళ్ళు చేతిలో ఉండేవారు. లాదిస్లావ్ కునా ఇరవై కిలోమీటర్ల దూరంలోని హ్లోహొవెత్స్‌లో పుట్టాడు. యోజెఫ్ అదమెత్స్‌ది వ్ర్బొవే అనే చిన్న ఊరు. కరోల్ డోబియాష్ కొంచెం దూరంగా హాండ్లొవా నుంచి వచ్చాడు. హాండ్లొవా బొగ్గు గనుల పట్టణం కాబట్టి ఆ పేరు మీరు గుర్తుపెట్టుకోవచ్చు. ఇక కీడంటారా, నిర్బంధ సైనిక సేవ. సైన్యానికి డుక్లా ప్రాగ్ అనే సొంత క్లబ్బు ఉండేది, మంచి ఆటగాడికి పిలుపు వచ్చిందంటే రెండేళ్ళు ఆ చొక్కా తొడుక్కోవలసిందే. అదమెత్స్ కూడా అట్లా వెళ్ళి వచ్చినవాడే. 1962లో చిలీలో ప్రపంచ కప్ ఫైనల్ ఆడి ఓడిన చెకోస్లొవేకియా బృందంలో ఉన్న అతడు, 1968 జూన్‌లో బ్రాటిస్లావాలో బ్రెజిల్ మీద మూడు గోల్స్ కొట్టి తన దేశాన్ని 3-2తో గెలిపించాడు. అప్పటికి అతడు ట్రనవా ఆటగాడు.

ఈ కుర్రవాళ్ళందరినీ ఒక జట్టుగా మలిచినవాడు అంతోన్ మలాటిన్‌స్కీ. ఒకప్పుడు అదే క్లబ్బుకు ఆడి తరువాత కోచ్ అయ్యాడు. 1968 నాటి తొలి టైటిల్ ఆయన చేతుల మీదుగా వచ్చింది, మరుసటి ఏడాది యాన్ హుత్స్కో శిక్షణలో జట్టు మళ్ళీ గెలిచింది. కోచ్ మారినా జట్టు చెదరకపోవడమే ఆయన కట్టిన పునాది ఎంత గట్టిదో చెబుతుంది. నేటి స్టేడియానికి ఉన్న పేరు ఆయనదే.

1968లో చెకోస్లొవేకియా మీదికి రష్యన్ ట్యాంకులు వచ్చాయని చదువుకున్నాం. ఆ ఏడాదే ఆ దేశపు జట్టు యూరప్‌లో అంత దూరం ఎట్లా పోగలిగింది? ఆ సెమీఫైనల్ సంగతి వివరంగా రాయగలరు.
— ఒక రైల్వే ఉద్యోగి, కాజీపేట

మీరు అడగకపోయినా ఈ భాగం రాయాలనే ఉండింది. 1968 వసంతంలో ట్రనవా మొదటిసారి దేశ విజేత అయినప్పుడు అలెగ్జాండర్ డుబ్చెక్ నాయకత్వంలో సంస్కరణల గాలి వీస్తున్నది, పత్రికలు స్వేచ్ఛగా రాస్తున్నాయి. ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, పోలెండ్, హంగేరీ, బల్గేరియా సేనలు సరిహద్దు దాటాయి. విజేత జట్టు యూరోపియన్ కప్‌లో తన తొలి ఆట ఆడవలసింది సరిగ్గా ఆ తరువాతి నెలలో. ఆక్రమణకు నిరసనగా పశ్చిమ యూరప్ క్లబ్బులు కొన్ని తూర్పు దేశాల జట్లతో ఆడబోమన్నాయి, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రాను మార్చి తూర్పు జట్లను తూర్పు జట్లతోనే జోడించింది, దానికి కోపగించి డైనమో కీవ్, ఫెరెంత్స్‌వారోష్, లెవ్‌స్కీ సోఫియా, రూహ్ ఖోజూవ్, కార్ల్ జైస్ యేనా క్లబ్బులు పోటీ నుంచే తప్పుకున్నాయి. తప్పుకోకుండా మిగిలిన తూర్పు జట్లలో ట్రనవా ఒకటి, దానికి ప్రత్యర్థిగా వచ్చిన రుమేనియా క్లబ్బు స్టెవా బుకారెస్ట్ మరొకటి. ఆక్రమణలో పాల్గొనడానికి రుమేనియా నిరాకరించిందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ప్రత్యర్థులు తప్పుకోవడం వల్లే ట్రనవా సెమీస్ చేరిందని కొందరు తేలిగ్గా కొట్టిపారేస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, పూర్తి న్యాయం మాత్రం లేదు. ఒక్కో ప్రత్యర్థితో రెండేసి ఆటలు, రెండింటి గోల్స్ కలిపి లెక్క. బుకారెస్ట్‌లో 1-3తో ఓడి, సొంత ఊళ్ళో 4-0తో గెలిచి ముందుకు సాగిన జట్టు అది. రెండో రౌండ్‌లో ఫిన్లండ్ విజేత రైపాస్ లాహ్తి మీద రెండు ఆటల్లో కలిపి పదహారు గోల్స్ చేసింది. ఆ విజయానికి పెద్ద విలువ కట్టనక్కర్లేదు. క్వార్టర్ ఫైనల్‌లో గ్రీసు క్లబ్బు ఏఈకే ఏథెన్స్‌ను సొంత గడ్డ మీద 2-1తో ఓడించి, ఏథెన్స్‌లో 1-1తో నిలబడి వచ్చింది.

సెమీఫైనల్ ప్రత్యర్థి ఆయాక్స్. రీనస్ మికెల్స్ కోచ్‌గా, యోహన్ క్రైఫ్ ముందువరుసలో ఆడే ఆ డచ్ జట్టు అప్పటికి ఇంకా యూరప్ విజేత కాలేదు, కాబోయే గొప్పతనం మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఏప్రిల్ 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో ట్రనవా 0-3తో ఓడింది. మలి ఆట ఏప్రిల్ 24న. ఆ రెండు ఆటల మధ్యలో, ఏప్రిల్ 17న, పార్టీ నాయకత్వం నుంచి డుబ్చెక్‌ను దించి గుస్టావ్ హుసాక్‌ను కూర్చోబెట్టారు. దేశంలో ఎనిమిది నెలలుగా మిణుకుమిణుకుమంటున్న ఆశ ఆ వారంలోనే ఆరిపోయింది. అటువంటి వారం గడిచాక ట్రనవా జనం స్టేడియం నిండా చేరారు. మొదటి సగంలోనే కునా గోల్ కొట్టాడు. విరామం తరువాత మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే అతడే రెండోది కొట్టాడు. ఇంకో గోల్ పడితే లెక్క సమానం, దానికి నలభై నిమిషాల సమయం చేతిలో ఉంది. ఆయాక్స్ వంటి జట్టు ఆ నలభై నిమిషాలూ తన గోల్ ముందు గుమిగూడి కాచుకోవలసి వచ్చింది. మూడో గోల్ రాలేదు. మొత్తం 3-2తో ఆయాక్స్ ఫైనల్‌కు వెళ్ళి మాడ్రిడ్‌లో మిలాన్ చేతిలో 1-4తో ఓడింది.

మే 21న స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో స్లోవాన్ బ్రాటిస్లావా 3-2తో బార్సిలోనాను ఓడించి, ఆయా దేశాల కప్పు విజేతలు పోటీపడే కప్ విన్నర్స్ కప్పు గెలిచింది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే కప్పు తెచ్చిన చెకోస్లొవాక్ క్లబ్బు అదొక్కటే కాబట్టి చరిత్ర పుస్తకాల్లో స్లోవాన్‌కే పెద్ద పీట. అయితే ఆ ఏడాది దేశ లీగ్‌లో స్లోవాన్‌ను దాటి టైటిల్ నిలబెట్టుకున్నది ట్రనవాయేనని ఆ ఊరివాళ్ళు గుర్తుచేయకుండా వదలరు. ఈ పోటీలో మా మొగ్గు ఎటో పాఠకులకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

1973 దాకా అన్ని గెలిచిన జట్టు తరువాత ఏమైంది? మళ్ళీ 2018లోనే గెలిచిందని ఇంటర్నెట్‌లో చూశాను. నలభై అయిదేళ్ళ విరామానికి కారణం ఏమిటి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల

ఒకే తరం ఆటగాళ్ళ మీద నిలిచిన జట్టుకు ఆ తరం వయసు మళ్ళగానే వచ్చే కష్టమే దీనికీ వచ్చింది. 1973, 1974 వసంతాల్లో కూడా ట్రనవా యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. మొదటిసారి ఇంగ్లండ్ క్లబ్బు డర్బీ కౌంటీని సొంత ఊళ్ళో 1-0తో ఓడించి అక్కడ 0-2తో ఓడింది, రెండోసారి హంగేరీ క్లబ్బు ఉయ్‌పెష్ట్ చేతిలో పెనాల్టీల్లో వెనుదిరిగింది. 1976లో బెల్‌గ్రేడ్‌లో పశ్చిమ జర్మనీని పెనాల్టీల్లో ఓడించి చెకోస్లొవేకియా యూరప్ విజేత అయిన రాత్రి, ఆ ఫైనల్‌లో రెండో గోల్ కొట్టిన డోబియాష్ ఇంకా ట్రనవా ఆటగాడే. మరుసటి ఏడాది అతడు ప్రాగ్‌లోని బొహీమియన్స్‌కు వెళ్ళిపోయాడు. తరువాతి పదిహేనేళ్ళలో 1986 నాటి దేశ కప్పు తప్ప చెప్పుకోదగ్గది పెద్దగా లేదు.

1993లో దేశం రెండుగా చీలి స్లొవేకియాకు సొంత లీగ్ వచ్చింది. ప్రాగ్ క్లబ్బుల పోటీ తప్పింది కనుక ట్రనవాకు దారి సుగమం అవుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. కర్మాగారాల పోషణ పోయింది, క్లబ్బు బతుకు దాని యజమాని జేబు మీద ఆధారపడింది, కొంచెం బాగా ఆడిన కుర్రవాడు విదేశానికి విమానం ఎక్కాడు. 1997, 1998లలో వరుసగా రెండో స్థానం దక్కింది, రెండుసార్లూ కోషిత్సె క్లబ్బు అడ్డుపడింది. 2001లో జట్టు రెండో శ్రేణికి దిగజారి ఏడాదికే తిరిగి పైకి వచ్చింది.

2018 నాటి టైటిల్ డబ్బుతో వచ్చింది కాదు. సెర్బియాలో పుట్టిన నెస్టర్ ఎల్ మాయెస్ట్రో అనే యువ కోచ్ ఆ జట్టుకు అందమైన ఆట నేర్పలేదు; ఒక గోల్ కొట్టి దాన్ని కాపాడుకునే ఓపిక నేర్పాడు. టైటిల్ రాగానే ఆయన వెళ్ళిపోయాడు. అదే వేసవిలో చాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో ట్రనవా వార్సాకు వెళ్ళి పోలెండ్ క్లబ్బు లెగియాను 2-0తో ఓడించింది, మరుసటి రౌండ్‌లో సెర్బియా క్లబ్బు క్ర్వెనా జ్వెజ్దా చేతిలో అదనపు సమయంలో ఓడింది, అక్కడి నుంచి దాని తరువాతి స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ గ్రూపు దశకు చేరి సొంత మైదానంలో బెల్జియం క్లబ్బు ఆండర్లెక్ట్‌నూ, టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచెనూ చెరొక గోల్ తేడాతో ఓడించింది. మా దృష్టిలో ఆ శరదృతువు 1969 తరువాత ఆ క్లబ్బు చూసిన అత్యుత్తమ కాలం.

ఆ తరువాత లీగ్ టైటిల్ స్లోవాన్ సొత్తయిపోయింది. 2019 నుంచి 2025 దాకా ఏడుసార్లూ దానిదే. ట్రనవాకు కప్పులు దక్కాయి: 2019, 2022, 2023, 2025. వాటిలో 2022, 2023 ఫైనల్స్‌లో ఓడింది స్లోవానే కాబట్టి ఊళ్ళో వాటి రుచి వేరు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది, 2025కల్లా పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. నూరేళ్ళ నుంచి ఒకే ఊళ్ళో ఉన్న జట్టు గురించి చదివితే అసూయ కలుగుతున్నది. అక్కడ క్లబ్బులు మాయం కావా?
— ఒక అభిమాని, వరంగల్

మాయమవుతాయి. ట్రనవాకు యాభై కిలోమీటర్ల దూరంలోనే దానికి ఉదాహరణ ఉంది. బ్రాటిస్లావాలో డాన్యూబ్ నదికి దక్షిణపు ఒడ్డున పెట్రజాల్కా అనే పేట ఉంది. అక్కడి ఆర్ట్‌మీడియా క్లబ్బు 2005 జూలైలో స్కాట్లండ్ దిగ్గజం సెల్టిక్‌ను 5-0తో ఓడించింది, మలి ఆటలో 0-4తో ఓడినా ఒక్క గోల్ తేడాతో బయటపడింది, పార్టిజాన్ బెల్‌గ్రేడ్‌ను పెనాల్టీల్లో దాటి చాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు చేరింది. అక్కడ పోర్టో నగరంలో రెండు గోల్స్ వెనకబడి ఉండి 3-2తో గెలిచింది. కోచ్ వ్లాదిమీర్ వైస్. 2008లో మరోసారి దేశ విజేత కూడా అయింది. తరువాత డబ్బు పెట్టేవారు పక్కకు తప్పుకున్నారు, 2010లో జట్టు దిగజారింది, పాత స్టేడియాన్ని కూల్చేశారు, 2014లో ఆ క్లబ్బు మూతపడింది. ఆ పేట పేరుతో మళ్ళీ జట్టు కట్టుకున్నవాళ్ళు అట్టడుగు శ్రేణుల నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

అయితే హైదరాబాద్ ఎఫ్‌సీకీ ట్రనవాకూ ఒక మౌలికమైన తేడా ఉంది. 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్‌కు వచ్చిన జట్టు, లీగ్‌లో తన చోటును ఆస్తిగా పట్టుకుని మరో నగరానికి పోగలిగింది. స్లొవేకియాలో లీగ్ చోటు అమ్ముడుపోయే సరుకు కాదని గట్టిగా అనలేం కానీ, మామూలుగా ఓడిన జట్టు కిందికి దిగుతుంది, ఊరు మాత్రం మారదు. 2001లో ట్రనవా రెండో శ్రేణిలో ఆడుతున్నప్పుడు కూడా అదే గోడ పక్కన, అదే మైదానంలో ఆడింది, చూసేవాళ్ళు వాళ్ళే. ఆర్ట్‌మీడియాకు లేనిది ఆ జనమే. చాంపియన్స్ లీగ్‌లో దాని సొంత ఆటలు స్లోవాన్ స్టేడియంలో జరిగాయి, గెలిచిన రోజుల్లో వచ్చిన ప్రేక్షకులు ఓడిన రోజుల్లో రాలేదు. యజమాని చేతులెత్తేసినప్పుడు మరొకరు వచ్చి పగ్గాలు అందుకోవాలంటే నిండిన గ్యాలరీ ఒకటి కనపడాలి. హైదరాబాద్‌లో ఆ గ్యాలరీ కట్టుకోవడానికి ఆరేళ్ళు కూడా దొరకలేదు.

ఇంగ్లండ్ జట్టు కూడా ఆ ఊళ్ళో ఆడిందంటారు, నిజమేనా?
— ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

నిజమే. బ్రాటిస్లావాలో కొత్త జాతీయ స్టేడియం 2019లో తెరిచేదాకా స్లొవేకియా తన ముఖ్యమైన ఆటలు కొన్నిటిని ట్రనవాలో ఆడింది. 2016 సెప్టెంబరు 4న జరిగిన ప్రపంచ కప్ అర్హత పోటీలో స్లొవేకియా కెప్టెన్ మార్టిన్ ష్క్ర్టెల్ రెడ్ కార్డు చూశాక పదిమందితో చివరిదాకా నిలబడింది, అదనంగా కలిపిన సమయంలో ఆడమ్ లలానా కొట్టిన గోల్‌తో ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. శామ్ అలార్డైస్ ఇంగ్లండ్ మేనేజర్‌గా చేసింది ఆ ఒక్క ఆటకే.

మొదటి ప్రశ్న అడిగినవాణ్నే. అబ్బాయి దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నాం. ఏ నెలలో వెళితే ఆట చూడగలం?
— అదే తండ్రి, హన్మకొండ

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి తొలి వారాల దాకా అక్కడ లీగ్‌కు చలికాలపు సెలవు, ఆ రోజుల్లో వెళితే మంచు తప్ప మరేమీ కనపడదు. సీజన్ జూలై చివర మొదలై మే నెలలో ముగుస్తుంది. పన్నెండు జట్లు మొదట ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడతాయి, ఆ తరువాత పై ఆరు, కింది ఆరు విడిపోయి మళ్ళీ ఆడతాయి. అంటే ట్రనవా, స్లోవాన్ రెండూ పై ఆరులో ఉంటే వసంతంలో వాటి మధ్య ఇంకో ఆట సొంత ఊళ్ళో చూసే అవకాశం ఉంటుంది, కాబట్టి ఏప్రిల్ మంచి నెల. స్టేడియాన్ని ఆనుకునే పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ ఉంది, ఆట మీద ఆసక్తి లేని కుటుంబ సభ్యులు ఆ రెండు గంటలు అక్కడ గడపవచ్చు. స్లోవాన్‌తో ఆట అయితే టికెట్టు ముందుగానే అబ్బాయి చేత కొనిపించండి, పోలీసు బందోబస్తు ఎక్కువగా ఉంటుంది కనుక గంట ముందే చేరుకోండి, ఏ రంగు చొక్కా అయినా వేసుకోండి గానీ ఆకాశనీలం మాత్రం వద్దు, అది స్లోవాన్ వాళ్ళ రంగు.